పక్క షెడ్డు ఖాళీ అయింది

తెల్లవారేసరికి కింద బ్రూవరీలో వేడినీళ్ళలో నానుతున్న బార్లీ వాసన మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేసింది. అప్పుడే కాల్చి దించిన రొట్టె వాసనలా ఉంటుందది. పొయ్యి మీద గుడ్లు ఉడకేస్తున్న ఇల్లాలికి ఆ వాసన వస్తేనే రోజు మొదలైనట్టు.

"ఇవాళ చిక్కగా కాస్తున్నాడు నీ మొగుడు" అంది అత్తగారు, బల్ల దగ్గర కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటూ.

"మీరు చుక్క నోట్లో వేసుకోరు గదా, ఎలా తెలుస్తుందత్తయ్యా?"

"వాణ్ణి కన్నదాన్ని. వాడేం వెలగబెడుతున్నాడో వాసన చూస్తే తెలియదూ?"

ఆ ఇంటి కింది అంతస్తంతా బ్రూవరీయే. వెనక గదిలో బీరు పులిసే ట్యాంకులు, ముందు గదిలో ఒక కౌంటరు, నాలుగైదు బల్లలు. కాచేది భర్త. ఒకప్పుడు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పినవాడు కాబట్టి వీధంతా అతన్ని ఇప్పటికీ మాస్టారనే పిలుస్తుంది. కౌంటరు చూసేది ఆమె తమ్ముడు. అమ్మానాన్నలు పోయాక అక్క వెంట వచ్చిన రోజుల్లో అందరూ చిన్నోడు అన్నారు. ముప్పై నాలుగేళ్ళు వచ్చి, పెళ్ళయి, రెండు వీధుల అవతల కాపురం పెట్టి, చెంపల దగ్గర జుట్టు తెల్లబడుతున్నా ఇంకా చిన్నోడే.

ఇక సాయంత్రాలు అత్తగారు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని ఉన్ని అల్లుతూ కూర్చుంటుంది. మూడో గ్లాసు కోసం లేచినవాణ్ణి కళ్ళద్దాల మీంచి చూసి, "రెండయ్యాయిగా నాయనా, ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారు, పద" అంటుంది. బీరు అమ్ముకునే చోట ఇంతకన్నా విడ్డూరం ఉండదు. అయినా జనం ఎగబడేవారు. మొగుడు మాస్టారి దగ్గరికి వెళ్తానంటే ఆ చుట్టుపక్కల ఏ భార్యా ముఖం చిట్లించేది కాదు.

ఆ ఎగబడడమే ఇప్పుడు చిక్కు తెచ్చిపెట్టింది. వారానికని కాచింది శుక్రవారం సాయంత్రానికే అయిపోతోంది. శనివారం పనిగట్టుకుని దూరం నుంచి వచ్చినవాళ్ళు తలుపుకి వేలాడే 'అయిపోయింది' బోర్డు చూసి, పైకి చూసి, గొణుక్కుంటూ వెళ్ళిపోతున్నారు.

ఆ గురువారం ఉదయం చిన్నోడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వచ్చాడు.

"అక్కా, పక్క షెడ్డు ఖాళీ అయింది! సోఫాలు చేసేవాళ్ళు రాత్రికి రాత్రి సర్దేసుకున్నారు. ఓనరు ముందు మననే అడుగుతున్నాడు."

"కూర్చోరా. రొట్టె తిన్నావా?"

"తినొచ్చానక్కా. వినవే! శనివారం లోపు చెప్పాలట. ఆ హోటళ్ళాయన కూడా మళ్ళీ ఫోన్ చేశాడు, ఎంత కాస్తే అంత తన హోటళ్ళకే తీసుకుంటాడట."

అంతలో మాస్టారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాడు. చిన్నోడు అదంతా మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. మాస్టారు గుడ్డు పెంకు ఓపిగ్గా ఒలిచాడు.

"ఏమంటావు బావా?"

"ఉప్పు ఇలా ఇవ్వు" అన్నాడు మాస్టారు.

అత్తగారికి నవ్వాపుకోలేక పొలమారింది. చిన్నోడు కూడా నవ్వాడు గానీ, ఉప్పు అందిస్తున్నప్పుడు అతని ముఖంలో నవ్వు నిలబడలేదని అక్క గమనించింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట మళ్ళీ లేచింది. ఈసారి చిన్నోడు లెక్కలు, కొలతలు అన్నీ నోటితోనే చెప్పుకుపోయాడు. పెద్ద ట్యాంకులు ఎక్కడ పెట్టాలో, గోడ ఎక్కడ కొట్టాలో, కొత్తగా ఎవర్ని పనిలో పెట్టుకోవాలో.

"అన్నీ బాగానే ఉన్నాయి. కాచేదెవరు?" అన్నాడు మాస్టారు.

"మనం."

"నేనొక్కణ్ణి ఎంత చూసుకోగలనో అంతే కాస్తానురా. అది దాటితే అది నాది కాదు."

"ఒక్కడివా?" చిన్నోడి చేతిలో చెంచా ఆగిపోయింది. "మరి నేనెవర్ని బావా?"

"నువ్వు కౌంటరు చూస్తున్నావుగా."

మాట బయటికి వచ్చాక గానీ అది ఎలా వినిపించిందో మాస్టారికి తెలియలేదు.

"అవును. గ్లాసులు కడిగేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారైనా ఆ వెనక గది నాకు వదిలేశావా? జ్వరమొచ్చి వణుకుతూ కూడా దుప్పటి కప్పుకొచ్చి ట్యాంకు పక్కన నిలబడ్డావు, నేనెక్కడ పాడుచేస్తానోనని."

"పాడుచేస్తావని కాదు..."

"మరి?"

మాస్టారు కూర గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"చిన్నోడా! బావతో అలాగేనా మాట్లాడేది? ముందు తిను, చల్లారిపోతోంది" అంది అక్క.

"అక్కా, తిను, పడుకో, స్వెటరు వేసుకో... నా వయసు ఎంతో నీకు గుర్తుందా అసలు?" అతను లేచి, నడుముకున్న ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేశాడు. "ఇవాళ కౌంటరు మీరే చూసుకోండి."

మెట్ల మీద అతని అడుగుల చప్పుడు కింద తలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

"ఇద్దరూ ఇద్దరే. ఒకడు చెప్పడు, ఒకడు ఆగడు" అంది అత్తగారు.

ఆ సాయంత్రం కౌంటరులో అక్కే నిలబడింది. కొళాయి తిప్పితే గ్లాసులో సగం నురగే. మళ్ళీ తిప్పితే అసలు నురగే లేదు. వచ్చినవాళ్ళు మొహమాటానికి ఏమీ అనకుండా తాగారు. అందరూ అడిగింది మాత్రం ఒకటే: "చిన్నోడేడమ్మా?"

పాత గొడవలున్న ఇద్దరు టైలర్లని పొరపాటున ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. క్షణంలో అరుపులు మొదలయ్యాయి. అత్తగారు అల్లిక పక్కన పెట్టి లేవాల్సి వచ్చింది. "వాడైతే ఒకణ్ణి కిటికీ దగ్గరా, ఇంకొకణ్ణి ఇక్కడ నా పక్కనా వేసేవాడు. నీకు తెలియదూ?" అంది.

ఆమెకి తెలియదు. రోజూ కింద నుంచి నవ్వులు వినిపించేవి, అంతే. ఆ నవ్వుల వెనక ఇంత పనుందని ఎన్నడూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె తమ్ముడి ఇంటికి బయల్దేరింది. తలుపు తీసింది మరదలు. ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చినట్టుంది, యూనిఫాం ఇంకా మార్చుకోలేదు.

"వదినా! రా, రా. నువ్వు ఈ గుమ్మం తొక్కడం గృహప్రవేశం తరవాత ఇదే."

"అదేమిటి, అలా అంటావు?"

"ఎప్పుడు పిలిచినా, మీరే రండర్రా అంటావుగా" అంది మరదలు. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట అన్నట్టుగానే అంది. అందుకే అది నేరుగా వెళ్ళి తగిలింది.

చిన్నోడు పెరట్లో ఉన్నాడు. అక్కని చూసి గబుక్కున లేచి దేనికో అడ్డంగా నిలబడ్డాడు. అతని వెనక గోడ వారగా ఒక పెద్ద అల్యూమినియం గిన్నె, పాత దుప్పట్లు చుట్టిన గాజు జాడీలు వరసగా ఉన్నాయి. బావ వెనక గదిలో వచ్చే వాసనే, కాకపోతే ఇంకొంచెం మాడిన వాసన, దానికి తోడు నారింజ తొక్కల వాసన.

"ఆదివారమంతా ఇదే పని వదినా. నీకు తెలుసనుకున్నా" అంది మరదలు.

"ఇలా ఇవ్వు" అని అక్క చెయ్యి చాచింది. చిన్నోడు బెరుగ్గా ఒక గ్లాసులో కాస్త పోసి ఇచ్చాడు. నల్లగా ఉంది. మొదట చేదు, ఆ వెనకే ఒక తియ్యదనం, చివర్లో చిన్న పులుపు.

"ఇది బావ చేసే రకం కాదే!"

"బావది బావ చేస్తాడుగా. ఇది నాది."

"ఎందుకు చెప్పలేదురా ఇన్నాళ్ళూ?"

"చెబితే నువ్వు బావకి చెప్తావు. బావ వచ్చి రుచి చూస్తాడు. చూసి ఏమీ అనడు." చిన్నోడు గ్లాసు తీసుకుని తిప్పాడు. "ఆ ఏమీ అనకపోవడం నా వల్ల కాదక్కా."

ఆమె జాడీల పక్కనున్న సీసా ఒకటి నింపింది. మూత బిగించి శాలువా కింద పెట్టుకుంది. "వద్దక్కా" అన్నాడు చిన్నోడు. కానీ లాక్కోవడానికి చెయ్యి చాచలేదు.

ఆమె తిరిగొచ్చేసరికి మాస్టారు ట్యాంకుల గదిలో నేల కడుగుతున్నాడు. భార్య ఇచ్చిన గ్లాసు అందుకుని వెలుగుకి ఎత్తి పట్టాడు. వాసన చూశాడు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. 

"చిన్నోడు చేశాడా?"

"అవును. ఏదో ఒకటి అనండి. ఈసారికి మాత్రం మాట్లాడకుండా ఉండకండి."

"ఈస్ట్ పాతది. అందుకే చివర్లో పులుపు తగులుతోంది. మిగతాదంతా..." అతను ఇంకో గుక్క తాగాడు. "ఇలాంటిది నేను చెయ్యలేను. నాకీ ఆలోచనే రాదు."

అతను బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, నెమ్మదిగా చెప్పాడు. "నన్ను హెడ్మాస్టరుని చేసినప్పుడు నీకు గుర్తుందా? అందరూ దండలు వేశారు. ఆ తరవాత ఒక్క రోజు కూడా పాఠం చెప్పలేదు. సంతకాలు, మీటింగులు. పిల్లల ముఖాలు మర్చిపోయాను. అందుకే అక్కణ్ణుంచి పారిపోయి వచ్చాను. ఈ షెడ్డు తీసుకుంటే మళ్ళీ హెడ్మాస్టరునే అవుతాను. నాకు ఈ మూడు ట్యాంకులు చాలు. వీటిని కడుక్కుని, పైకొచ్చి మీతో కూర్చుని తింటే నాకు హాయిగా ఉంటుంది. ఇది చెప్తే చేతకానితనం అనుకుంటాడని..."

"ఈ మాట వాడికి చెప్పారా?"

"ఎలా చెప్పను? వాడు అంత ఉత్సాహంగా ఉంటే."

"వాడడిగేది మీ బ్రూవరీ పెద్దది కావాలని కాదండీ" అంది ఆమె. కళ్ళు నిండిపోయాయి. "వాడికి కాస్త చోటు కావాలి. నాకూ ఇవాళే అర్థమైంది. వాడింకా నా వెనకే నడుస్తున్నాడనుకున్నాను. వాడింటికి ఒక్కసారి తొంగి చూసిన పాపాన పోలేదు."

మాస్టారు లేచి, ట్యాంకు అడుగునుంచి గంజిలా చిక్కగా ఉన్న ఈస్ట్ ఒక స్టీలు క్యాన్లోకి పట్టి మూత బిగించాడు. "పద" అన్నాడు.

దారిలో షెడ్డు ఓనరు దగ్గర ఆగి, ఓ పది నిమిషాలు మాట్లాడి వచ్చాడు. బావ చేతిలో క్యాను చూసి చిన్నోడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నీ ఈస్ట్ పనికిరాదు, పారబొయ్యి. దీంతో మళ్ళీ కాయి. నారింజ తొక్క మాత్రం తగ్గించకు."

"పాసయ్యానా బావా?" అన్నాడు చిన్నోడు.

"మార్కులు వెయ్యడం ఎప్పుడో మానేశానురా." మాస్టారు క్యాను అతని చేతుల్లో పెట్టాడు. "నిన్న నేనన్నది తప్పు. నువ్వు లేకపోతే అది ఉత్త వంటిల్లు. షెడ్డు నీ పేరు మీద తీసుకో. ఓనరుతో మాట్లాడాను. గోడ మాత్రం కొట్టొద్దు. అటు నీది, ఇటు నాది."

"మరి హోటళ్ళాయన?"

"నీ బీరు, నీ ఇష్టం. నా దగ్గరికి మాత్రం పంపకు, నాకు భయం."

చిన్నోడు క్యాను కింద పెట్టి బావని గట్టిగా వాటేసుకున్నాడు. మాస్టారికి ఇలాంటివి అలవాటు లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బావమరిది వీపు మీద రెండు దెబ్బలు వేశాడు. మరదలు కళ్ళు ఒత్తుకుంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"మరి మీ కౌంటరు ఎవరు చూస్తారు?" అన్నాడు చిన్నోడు కాసేపటికి.

"నేను చూస్తాను" అంది అక్క. "ఆ నురగ ఎలా పట్టాలో నేర్పించు చాలు. నిన్న సబ్బు నీళ్ళు పోసినట్టు పోశాను."

"ముందు ఆ టైలర్ల సంగతి నేర్పిస్తానక్కా. ఊరంతా చెప్పుకుంటున్నారు."

అందరూ పగలబడి నవ్వారు. ఆ ఇంట్లో అంతసేపు కూర్చోవడం ఆమెకి అదే మొదటిసారి. వెళ్తూ వెళ్తూ, వచ్చే ఆదివారం భోజనానికి ఇక్కడికే వస్తామని, ఏం వండాలో మరదలు ఇష్టమని చెప్పింది.

షెడ్డుకి సున్నం వేసి, ట్యాంకులు బిగించి, మొదటి బీరు పులిసేసరికి చలికాలం వచ్చింది. హోటళ్ళాయన మళ్ళీ ఫోన్ చేస్తే, "ముందు ఈ వీధికి సరిపోనివ్వండి, తరవాత చూద్దాం" అన్నాడట చిన్నోడు. అది విని మాస్టారు ఆ రోజంతా ఈల వేస్తూ తిరిగాడు.

చిన్నోడు తలుపులు తెరిచింది ఒక శనివారం సాయంత్రం. మాస్టారి బీరు ఎప్పటిలాగే అయిపోయింది. తిరిగి వెళ్ళబోయినవాళ్ళకి అత్తగారు చేత్తో పక్క గుమ్మం చూపించింది. అది చూసి మాస్టారు భార్యని పిలిచాడు. ఇద్దరూ వెళ్ళి పక్క షెడ్డులో కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చున్నారు. అందరితో పాటే వాళ్ళూ కాసేపు ఆగాక, చిన్నోడు స్వయంగా రెండు గ్లాసులు తెచ్చి పెట్టి, వేరే బల్ల వాళ్ళు పిలుస్తుంటే పరుగెత్తాడు.

"ఇదుగో" అన్నాడు మాస్టారు చుట్టూ చూస్తూ. "శనివారం సాయంత్రం ఎవర్నీ వెనక్కి పంపకుండా మనం ఇలా కూర్చోవడం ఎప్పుడైనా ఉందా?"

"లేదు" అంది ఆమె. భుజం అతని భుజానికి ఆనించి, గ్లాసు చేతిలోకి తీసుకుంది. "తొందరపడకండి. నెమ్మదిగా తాగుదాం."