మొదటి అడుగు చప్పుడు

"మీ లెక్కలో ఒక అడుగు తగ్గింది."

చప్పుళ్ళు తలెత్తి చూశాడు. అతని అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. సీరియల్‌లో ఎవరు నడిచినా, తలుపు తీసినా, కాగితం చింపినా ఆ శబ్దాన్ని ఈ ఇరుకు గదిలో తయారుచేసేది అతనే. అందుకే స్టూడియో అంతా అతన్ని చప్పుళ్ళు అనే పిలుస్తుంది.

గుమ్మంలో నిలబడ్డది భూతద్దం. ఏ షాట్‌లో కప్పు ఎవరి చేతిలో ఉందో, చొక్కాకి ఎన్ని గుండీలు పెట్టుకున్నారో రాసుకుని తప్పులు పట్టే అమ్మాయికి ఇంకేం పేరు పెడతారు!

"కెప్టెన్ గ్రహం మీద దిగి పద్నాలుగు అడుగులు వేస్తుంది. మీరిచ్చినవి పదమూడు," అందామె.

"కొత్త గ్రహం కదండీ. గురుత్వాకర్షణ తక్కువ, అడుగులూ తక్కువే."

"ఇదే రిపోర్టులో రాయమంటారా?"

"రాయండి. కింద మీ సంతకం కూడా పెట్టండి, దాచుకుంటాను."

నవ్వాపుకోలేక ఆమె పెన్ను కొరికింది. ఆ నవ్వు కోసం అతను ఆరు నెలలుగా కావాలనే చిన్న చిన్న తప్పులు వదిలేస్తున్నాడు. ఇదొక్కటి మాత్రం అలాంటిది కాదు.

"పోనీ, మొదటి అడుగే ఎందుకు వదిలేశారు?"

అతను స్క్రీన్ ఆన్ చేశాడు.

నౌక తలుపు తెరుచుకుంది. వంకాయరంగు ఆకాశం. ఒక సూర్యుడు దిగుతున్నాడు, ఇంకొకడు ఎక్కబోతున్నాడు. కనుచూపుమేర తెల్లటి నేల. దాని మీద గాలి కూడా నడిచిన జాడ లేదు. కెప్టెన్ పాదం ఎత్తింది. ఆకాశానికి రంగేసిందెవరో ఇద్దరికీ తెలుసు. ఆ బొమ్మ ఇరవైసార్లు చూసే ఉంటారు. అయినా ఇద్దరూ స్క్రీన్ దగ్గరికి వంగారు.

"ఉప్పు మీద నడిచాను, గుడ్డు పెంకుల మీద నడిచాను," అన్నాడతను మెల్లగా. "తక్కినవాటికి సరిపోయాయి. దీనికి మాత్రం ఏం చేసినా వీధిలో నడిచినట్టే ఉంది. రేపు సాయంత్రంలోగా ఇవ్వకపోతే డైరెక్టరుగారు ఇక్కడ డ్రమ్ములు మోగించేస్తారట."

"డ్రమ్ములా?" ఆమె మొహం వాడిపోయింది. "మా నాన్నకి గ్రహం ఎలా కనిపిస్తుంది మరి?"

ఆమె తండ్రి వాచీలు బాగుచేసేవాడు. మూడేళ్ళ క్రితం చూపు పోయింది. వారం వారం ఈ సీరియల్ వింటూ కూర్చుంటాడు.

"మీ చప్పుళ్ళతోనే చూస్తారండీ. పోయిన వారం మంచు గుహ ఎంత ఎత్తుందో నాకే చెప్పారు."

చప్పుళ్ళు తను నడిచే ఉప్పు తొట్టె వైపు చూశాడు. ఈ దుమ్ముగదిలో తను చేసే శబ్దాలు పట్టుకుని ఒక మనిషి లోకాలు చూస్తున్నాడని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

ఆమె అప్పటికప్పుడే ఫోన్ చేసి తండ్రికి సంగతి చెప్పింది. స్పీకర్‌లో పెద్దాయన గొంతు నెమ్మదిగా వినిపించింది.

"చూపు పోయాక మంచం దిగి మొదటిసారి నిలబడ్డాను బాబూ. నలభై ఏళ్ళు తిరిగిన ఇల్లే. ఆ రోజు మాత్రం కొత్త గ్రహం. నేను అడుగు వెయ్యలేదు. కాలివేళ్ళతో నేలని అడిగాను, ఉన్నావా, నన్ను మోస్తావా అని. నువ్వేమో తెలిసిన నేల మీద వేసినట్టు వేస్తున్నావు. అదీ నీ తంటా."

ఫోన్ పెట్టేశాక చప్పుళ్ళు తల గోక్కున్నాడు. "నేను కళ్ళు మూసుకున్నా లాభం లేదండీ. ఈ గదిలో ఏ మూల ఏముందో నాకు నిద్రలో కూడా తెలుసు."

"నాకు తెలీదుగా! నేను నడుస్తాను."

"పడిపోతారేమో."

"పట్టుకోరా?"

అతను అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె చెప్పులు విప్పి, కళ్ళకి గంతలు కట్టుకుంది. తొట్టెలో ఏం పోశాడో అతను చెప్పలేదు. మైకు ఆన్ చేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చేతులు చాచి పక్కనే నిలబడ్డాడు.

ఆమె పాదం గాలిలో ఆగింది. బొటనవేలు దిగింది. సర్‌మని సన్నగా ఏదో జరిగింది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆమె భయం, కుతూహలం, నమ్మకం అన్నీ అతనికి వినిపించాయి. అప్పుడు మెల్లగా బరువు వాలింది, నేల ఒప్పుకుంది. అతను తనకి తెలియకుండానే ఊపిరి ఒక్కసారి లోపలికి పీల్చి బిగబట్టాడు. ఇంత అందమైన శబ్దం తన జన్మలో వినలేదనిపించింది.

"ఎంత మెత్తగా ఉందో! ఎక్కడున్నాను నేను?" అందామె.

"ఇంతవరకూ ఎవరూ రాని చోట," అన్నాడతను.

ఎపిసోడ్ వచ్చే రోజు ఆమె అతన్ని ఇంటికి పిలిచింది. సాయంత్రం ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. నౌక తలుపు తెరుచుకుంది. డ్రమ్ముల్లేవు. ఒక్క అడుగు.

పెద్దాయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"అబ్బ, ఎంత పెద్ద నేలమ్మా! అంచే లేదు. ఆకాశం ఎక్కడో పైనుంది."

ఆయన కళ్ళు తడిసిపోయాయి. ప్రకటనలు మొదలయ్యాయి.

"ఆ అడుగు కెప్టెన్‌ది కాదు," అన్నాడాయన హఠాత్తుగా. "మా అమ్మాయిది. నడక నేర్చుకునేటప్పుడూ ఇంతే, ముందు బొటనవేలు పెట్టి చూసేది. అది సరే, పక్కన ఊపిరి బిగబట్టిందెవరు?"

"ఊపిరా?" భూతద్దం ఉలిక్కిపడింది. "నా లిస్టులో లేదే!"

చప్పుళ్ళు గొంతు సవరించుకున్నాడు. "నాదేనండీ."

"పొరపాటున పడిందా బాబూ?"

"పడినప్పుడు పొరపాటేనండీ. ఉంచేసినప్పుడు కాదు."

"మా అమ్మాయి పడిపోతుందని భయపడ్డావా?"

"భయమేనండీ. కానీ పడిపోయింది నేను."

ఆమె చెవులదాకా ఎర్రబడి, రిపోర్టు పుస్తకం వెతికి చేతిలోకి తీసుకుంది.

"నాన్నా, దీన్ని ఏమని రాయను?"

"నీకెలా ఉందే?"

"రిపోర్టు చెయ్యాలని లేదు నాన్నా."

"అయితే తప్పు కాదని రాసెయ్," అంటూ పెద్దాయన నవ్వాడు. "ష్, మళ్ళీ మొదలైంది. ఆ వచ్చేది రెండో సూర్యుడేనా? ఏ రంగులో ఉన్నాడో ఎవరైనా చెప్పండి."

ఆమె రిపోర్టు పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"ఏమ్మా, నిన్నే!"

"తెలీదు నాన్నా," అంది భూతద్దం, అతని మీంచి చూపు తిప్పకుండానే. "నేను చూళ్ళేదు."