పెరిగే పిల్ల కొలత

తెల్లారేసరికి వడ్రంగి మూడో కుర్చీని తెచ్చి కిటికీ పక్కన పెట్టాడు. భార్య స్టవ్ మీది జావ దించి వచ్చి చూసింది. మునుపటి రెండింటిలాగే ఇదీ నిటారుగా ఉంది.

మంచం మీద పదకొండేళ్ళ పిచ్చుక. కూతురి ముద్దుపేరు అది. ఏడాది నిండకముందు దానికి తట్టు పోసి, వారంలో తగ్గింది. ఆ క్రిమి మెదడులో నక్కి ఇన్నేళ్ళకు బయటపడిందన్నాడు డాక్టరు. మొదట చేతిలోంచి గ్లాసులు జారిపడుతుంటే పరాకని ఇద్దరూ కసిరారు. తర్వాత ఒళ్ళు ఉలిక్కిపడడం మొదలైంది. ఇప్పుడు మెడ వెనక్కి విరుచుకుని, నడుము విల్లులా వంగి, కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి. ఆనించి కూర్చోబెడితేగాని గుటక పడదు.

ఇద్దరూ ఎత్తి కుర్చీలో దించారు. పిల్ల ఒళ్ళు బిగుసుకుని ముందుకు జారింది. తల్లి ఒడిసి పట్టుకుంది.

"పట్టీ బిగిస్తాను. నాలుగు రోజులకి అలవాటవుతుంది," అన్నాడు.

"కొలతలు ఎక్కడివి? దాని బడి గౌను కొలిచారు కదూ?"

"దాని గౌనేగా."

"ఎప్పటి గౌను? ఊళ్ళోవాళ్ళ తలుపుకైతే గుమ్మం కొలవందే రంపం పట్టరు. కన్నకూతుర్ని కొలవడానికి చెయ్యి రాలేదా?"

అతను కుర్చీ చెయ్యి నిమిరాడు. "ఈ వంకర కొలిచి చెక్కలో దించితే, ఇక ఇంతేనని నేనే ఒప్పుకున్నట్టు కాదూ? బాగుచెయ్యమని రోజూ దేవుడికి దణ్ణం పెడుతున్నాను."

"నేనూ పెడుతున్నాను. ఆయన బాగుచేసేదాకా అది తినొద్దా?"

వడ్రంగి మంచం మీద కూర్చుని పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాడు. నర్సు నేర్పినట్టు మోకాళ్ళు ముడిచి, గడ్డం గుండెకి చేర్చాడు. కాస్త సడలింది. ఒక ఉలికిపాటుకీ మరోదానికీ నడుమ, ఊపిరి బిగబట్టి టేపు పెట్టాడు.

"రాయి. ఎడమ భుజం కుడిదానికన్నా రెండంగుళాలు కిందకి." "వీపు ఆనే పలక బాగా వెనక్కి వాలాలి. మెడ కింద దూది."

ఆమె మందుల చీటీ వెనక రాసుకుంటోంది.

"కాళ్ళ దగ్గర ఒకంగుళం వదులు రాయి. పెరిగే పిల్ల కదా."

పెన్ను ఆగింది. ఏడాది గడవడం కష్టమని డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టే చెప్పాడు. తలెత్తి భర్తని చూసింది. అతను టేపు వైపే చూస్తున్నాడు, చెంపలు తడిసి ఉన్నాయి.

ఆమె చీటీ మీదికి వంగింది. ఒకంగుళం వదులు అని రాసింది.