చేతులెత్తినవాళ్ళు

మా ఆయన పాస్టరు. మేము కొత్తగా వచ్చిన చర్చిలో మొదటి ఆదివారం ఆరాధనకి పదిమంది కూడా లేరు. అంత పెద్ద హాలు. బెంచీల మీద పావురాల రెట్టలు, గోడల నిండా చెమ్మ వాసన. ఆయన ప్రసంగం గోడకి తగిలి మళ్ళీ ఆయనకే వినబడేది.

"ఈ చర్చి నిండేదాకా నాకు నిద్ర పట్టదే," అన్నారు.

మర్నాడు పంపు దగ్గర నీళ్ళు పడుతుంటే ఒక పెద్దావిడ పలకరించింది. తెల్లచీర, కమ్మని గొంతు. "పాతవాళ్ళ ఇళ్ళు నేను చూపిస్తా అమ్మగారూ. పిలవడం మాత్రం మీ వంతు. అందరూ వస్తే, మీకు లేనిదేదో నేను తెచ్చిపెడతా."

నాకు ప్రాణం లేచొచ్చింది.

రోజూ వీధులన్నీ తిప్పేది. ప్రతి ఇంటికీ కాస్త ఇవతలే ఆగిపోయేది. "నా మాట ఎత్తకండి. వాళ్ళకీ నాకూ పడదు." నేను తలుపులు తట్టి బతిమాలేదాన్ని. టైలరు మొహం చాటేశాడు. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఏడ్చేసింది. "ఆ గడప మళ్ళీ తొక్కకూడదనుకున్నామమ్మా," అంది. ఎందుకో చెప్పలేదు. నేను పట్టు వదల్లేదు. చివరికి సంఘపెద్ద కూడా సరేనన్నాడు. రిటైరైన హెడ్మాస్టరు ఆయన; ఆయన వస్తున్నాడంటే మిగతావాళ్ళూ కదిలారు.

ఆ ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. బయట ముసురు. మా ఆయన కళ్ళల్లో నీళ్ళు. పాట అందుకున్నాం.

రెండో చరణంలో ఒక గొంతు అందరికంటే పైకి లేచింది. ఎంత తియ్యగా ఉందో! పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. వెనక్కి తిరిగి చూశాను. తలుపు దగ్గర ఆవిడ. చీర అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి... హాల్లో ఇప్పుడు చెమ్మ వాసన లేదు. అప్పుడే తవ్వి తీసిన మట్టి వాసన.

నా పక్కన ఉన్న నర్సమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఆవిణ్ణి ఎవరు పిలిచారు?"

"ఎవరావిడ?"

"మా పాటల టీచరమ్మ. మా సంఘపెద్దే ఆవిడ మీద లేనిపోని నింద వేశాడు. వెలివేద్దామా అంటే అందరం చేతులెత్తాం. అయినా ఆదివారం ఆదివారం వచ్చి బయట నిలబడి పాడేది. పెద్దాయన లోపల గడియ పెట్టించేవాడు. ఒకసారి జ్వరంతో, వానలో... ఆ మెట్ల మీదే పోయింది. తలుపు కొడుతున్న చప్పుడు మాకు వినబడుతూనే ఉందమ్మా..."

పాట ఆగింది.

"అందరూ వచ్చారుగా," అందావిడ మెల్లగా. నా వైపు చూసి నవ్వింది. "ఈ పెద్దాయన్ని వెలివేయడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. ఎవరూ ఎత్తలేదు... వాటంతటవే లేచాయి. టైలరు తన చేతిని రెండో చేత్తో కిందికి గుంజుతున్నాడు. దిగడం లేదు.

సంఘపెద్ద నిలబడ్డాడు. ఎవరో మెడ పట్టి నెడుతున్నట్టు నడిచాడు. "వద్దు... పట్టుకోండిరా ఎవరైనా..."

తలుపు దాటాడు. లోపలి గడియ దానంతటదే పడింది. ఆవిడ లేదు.

బయటినుంచి తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. "తియ్యండి... తియ్యండి..." మా ఆయనా నేనూ గడియ పట్టుకుని వేలాడాం. కదల్లేదు. మిగతావాళ్ళు చేతులెత్తి, బెంచీలకి అతుక్కుపోయి ఉన్నారు. దెబ్బలు నెమ్మదించాయి. కాసేపు గోళ్ళతో గీకిన చప్పుడు. తర్వాత అదీ లేదు.

చేతులన్నీ ఒక్కసారిగా వాలిపోయాయి. గడియ మెత్తగా జారింది.

మెట్ల మీద పెద్దాయన కొయ్యబారిపోయి ఉన్నాడు. నర్సమ్మ నాడి చూసి తల అడ్డంగా ఊపింది. మా ఆయన శవం పక్కనే కూలబడ్డారు. ఇంట్లోవాళ్ళకి కబురు చెప్పడానికి నేనే వెళ్ళాను.

పెద్దాయన భార్య తలుపు ఓరగా తీసింది. పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా మాట్లాడమ్మా. ఆయన ఇప్పుడే వచ్చి పడుకున్నారు."

తలుపు సందులోంచి లోపలికి చూశాను.

"మీ పాపని కూడా వెంటబెట్టుకొచ్చారు," అంది ఆవిడ నవ్వుతూ. "ఎంత ముద్దుగా ఉందో! అచ్చం నీ పోలికే. అమ్మేదీ, అమ్మేదీ అని ఇందాకటి నుంచీ ఒకటే అడుగుతోంది."

మాకు పిల్లలు లేరు.

లోపలి గదిలోంచి చిన్న చిన్న అడుగుల చప్పుడు గుమ్మం వైపు వస్తోంది...