సూర్యలంక ఎండాకాలాలు

"ఓ అన్నా! జర పక్కకు జరుగు. మా అవ్వకు పొద్దు గుంకేది కనవడ్తలేదు."

ఎల్లేశ్ వెనక్కి తిరిగి చూశాడు. సూర్యలంక బీచ్‌లో తడి ఇసుక మీద ఒక ముసలమ్మ కాళ్ళు చాపుకొని, సముద్రం వైపు కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. పక్కనే నిలబడ్డ అమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకొని అతన్ని ఉరిమి చూస్తోంది. గాలికి మొహం మీద పడుతున్న జుట్టును విసుగ్గా వెనక్కి తోసుకుంటోంది.

"నేను జరిగినా కనవడది," అన్నాడు ఎల్లేశ్.

"ఎందుకు కనవడది?"

"పొద్దు గుంకేది మీ ఎనక."

అమ్మాయి నమ్మలేదు. "పరాచికాలా? కేలండర్లల్ల చూడలేదా? పొద్దు సముద్రంలనే మునుగుతది."

"గది గోవా దిక్కు. ఇక్కడ పొద్దుగాల సముద్రంలకెళ్ళి లేస్తది. గుంకుడు మనూర్ల దిక్కే."

ముసలమ్మ మెల్లగా మెడ తిప్పింది. సరుగుడు తోటల వెనక సూర్యుడు అప్పటికే సగం దిగిపోయాడు.

"అయ్యో ఉమా! గింత దూరం రైలెక్కి వచ్చి, పొద్దుకు ఈపు పెట్టి కూసున్ననానే?"

ఎల్లేశ్ ఆపుకోలేక గట్టిగా నవ్వేశాడు. అమ్మాయి మొహం ఎర్రబడింది.

"నవ్వుడు అయిపోయిందా? అయితే ఇగ పో."

అతను పోలేదు. ముసలమ్మ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అవ్వా, పొద్దును గాదు, అల ఎనకకు పోయినంక ఇసుకను చూడు."

అల వెనక్కి జారింది. తడి ఇసుక అద్దంలా మెరిసి, ఆకాశంలోని ఎరుపునంతా తనలోకి తీసుకుంది. ముగ్గురి పాదాల చుట్టూ వెలుగే. ఇంకో అల వచ్చి దాన్ని చెరిపేసింది. మళ్ళీ జారింది, మళ్ళీ ఎరుపు.

ముసలమ్మ నోరు తెరుచుకొని చూసింది. "కల్లంల పండు మిరపకాయ ఆరవోసినట్టున్నది గదరా!"

వాళ్ళది మహబూబాబాద్ దగ్గర నర్సింహులపేట. మిరప ఏరుడు అయిపోగానే ఊళ్ళోని నాలుగు కుటుంబాలు కలిసి సముద్రం చూడటానికి వచ్చాయి. ముసలమ్మ పేరు కట్టమ్మ. మనవరాలు ఉమారాణి డిగ్రీ చివరి సంవత్సరం. ఎల్లేశ్‌ది జనగామ దగ్గర రఘునాథపల్లి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు ముగించి, స్నేహితుడు ప్రతాప్‌తో వచ్చాడు.

ఈ వివరాలన్నీ కట్టమ్మే ఆరా తీసింది. ఉమారాణి మాత్రం మొహం అటు తిప్పుకొనే ఉంది. ఆమె కోపం కరిగించింది ఎల్లేశ్ కాదు, మొక్కజొన్న పొత్తులు అమ్మేవాడు.

"పొత్తు ఎట్లిస్తున్నవ్ అన్నా?" అని ఆమె అడగగానే అతను పళ్ళికిలించాడు. "తెలంగాణా వాళ్ళాండీ? అచ్చం సినిమాల్లో కామెడీవాళ్ళలాగే మాట్లాడతన్నారే!"

"సినిమాల్ల మీలెక్క గూడ మాట్లాడుతరు గదా! మేం నవ్వినమా?" అంది ఉమారాణి.

"ఆమె అడిగింది పొత్తు గురించి, సినిమా గురించి గాదు," అన్నాడు ఎల్లేశ్ అదే క్షణంలో.

పొత్తులవాడు నాలుక్కరుచుకున్నాడు. "తప్పైపోయిందండీ. నిమ్మకాయ ఎక్కువ రాస్తానుండండి."

ఉమారాణి మొదటిసారి ఎల్లేశ్‌ను చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం ఎంత పుల్లటి పొత్తయినా తినొచ్చనిపించింది అతనికి. నిజంగానే ఆ పొత్తు నోట్లో పెట్టుకోలేనంత పుల్లగా ఉంది.

మర్నాడు పొద్దున బండిలో అందరూ ఒకే పెట్టె. మానుకోట, అంటే మహబూబాబాద్ స్టేషన్ దగ్గరపడుతుంటే ఉమారాణి సంచులు సర్దుతూ, "పోయొస్తం అన్నా," అంది.

"పోయి రాండ్రి. కని ఒక్క మాట."

"ఏంది?"

"గా అన్న అనుడు ఒక్కటి బంద్ పెట్టు."

ఆమె సంచులు అందుకొని దిగింది. ప్లాట్‌ఫాం మీద నడుస్తూ వెనక్కి తిరిగి చూసింది మాత్రం.

*

మరుసటి ఎండాకాలం, అదే ఇసుక మీద ఎల్లేశ్ మళ్ళీ కనిపించాడు.

"ఏంది, జనగామల ఎండలు లేవా?" అంది ఉమారాణి.

"ఎండలున్నయి. సముద్రమే లేదు. అనుకోకుంట వచ్చినం."

"అనుకోకుంటనా?" కట్టమ్మ పకపకా నవ్వింది. "పోయినేడు ఇక్కడ తీసిన నా ఫొటోలు మా ఫోన్‌కు పంపినకాంచి ఫోన్ చేసుడే చేసుడు. ఎప్పుడు పోతున్నరవ్వా, ఎప్పుడు పోతున్నరవ్వా అని!"

ఎల్లేశ్ తలొంచుకొని ఇసుకలో బొటనవేలితో గీతలు గీశాడు. ఉమారాణి పెదవి కొరుక్కొని సముద్రం వైపు తిరిగింది. నవ్వు దాచుకోవడానికి ఆమెకు అంత పెద్ద సముద్రం కూడా చాలలేదు.

ఆ సాయంత్రం కట్టమ్మ చీర తడుపుకొని నీళ్ళలో కూర్చుంది. "ఇన్ని నీళ్ళున్నయి, మన తోటకు ఒక్క తడి పారితే ఎంత మంచిగుండు!" అంటూ దోసెడు తీసి నోట్లో పోసుకొని, "థూ! మిరప తోటను సంపుతయివి!" అని ఉమ్మేసింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా పొట్ట పట్టుకొని నవ్వారు.

కొంచెం దూరంలో ఎల్లేశ్, ఉమారాణి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డారు. ఒక పెద్ద అల కాళ్ళకింది ఇసుకను లాక్కుపోయేసరికి ఆమె తూలి అతని చెయ్యి పట్టుకుంది. అల వెళ్ళిపోయింది. చెయ్యి అలాగే ఉంది.

"అల పోయింది," అన్నాడు మెల్లగా.

"ఇంకోటి వస్తది," అంది ఆమె.

సరుగుడు తోటల మీది ఎరుపు ఆమె చెంప మీద పడుతోంది. ఎల్లేశ్ ఆ పూట ఆకాశం చూడలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఫోన్లు. ఎక్కడ మొదలుపెట్టినా మాట సూర్యలంక దగ్గరికే చేరేది. పొత్తు పులుపు, చెవుల్లో మిగిలిపోయిన హోరు, ఎంత దులిపినా బ్యాగులోంచి రాలే ఇసుక. ఉమారాణికి మానుకోటలో ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పని దొరికింది. చలికాలంలో ఎల్లేశ్ ఎగిరి గంతేసినంత పనిచేసి ఫోన్ చేశాడు.

"ఉమా! నౌకరి వచ్చింది! భూపాలపల్లి బొగ్గుబాయిల ఎలక్ట్రీషియన్!"

అవతల గాజు గొట్టాలు తగిలిన చప్పుడు.

"ఉమా, ఇనవడ్తుందా?"

"కిందికి దిగుతవా?"

"మరి బాయి అంటే కిందనే గదా!"

ఫోన్ కట్ అయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆమె ఎత్తలేదు. పెద్ద సంబంధమేదో వచ్చి ఉంటుందన్నాడు ప్రతాప్. బొగ్గు పని అంటే చిన్నచూపేమో అనుకున్నాడు ఎల్లేశ్. ఆ ఆలోచన అతన్ని ఎక్కువ బాధపెట్టింది. భూమి లోపల, టోపీ లైటు వెలుగు తప్ప మరో రంగు లేనిచోట, వైర్లు కలుపుతూ కలుపుతూ ఉండగా హఠాత్తుగా ఆ తడి ఇసుక ఎరుపు గుర్తొచ్చేది. చేతిలో పని కాసేపు ఆగిపోయేది.

*

మూడో ఎండాకాలం అతను సెలవు పెట్టి మరీ వచ్చాడు. నర్సింహులపేట వాళ్ళు వచ్చారు. ఉమారాణి రాలేదు.

కట్టమ్మ అతన్ని చూడగానే, "కూసో బిడ్డా," అని పక్కన చోటు చూపించింది. ఈసారి ఆమె తోటల వైపే తిరిగి కూర్చుంది.

"నా మీద కోపమా అవ్వా ఆమెకు?"

"కోపం గాదురా. నా చిన్న కొడుకు మొండయ్య బొగ్గుబాయిలనే పోయిండు. కప్పు కూలింది. గప్పుడు ఉమ చిన్నది. బాబాయి భుజం దిగకపోయేది." ఆమె పిడికెడు ఇసుక తీసి వేళ్ళ మధ్య నుంచి వదిలింది. "నీకు నౌకరి వచ్చిందన్న నాడు అన్నం తినలే."

 ఇద్దరూ చీకటిపడేదాకా అలలు వింటూ కూర్చున్నారు. ఉమారాణి తనను చిన్నచూపు చూసిందని ఇన్నాళ్ళూ కుమిలిపోయాడు. నిజం తెలిశాక, చిన్నచూపే అయితే బాగుండేదనిపించింది.

తొలకరి పడిన రోజు మధ్యాహ్నం అతను మానుకోట దవాఖాన ల్యాబ్ కిటికీ ముందు నిలబడ్డాడు. నిలువునా తడిసి ఉన్నాడు.

ఉమారాణి తలెత్తి చూసి, చూపు దించుకుంది. "చీటి లేకుంట రక్తం తీసుకోం."

"చీటి రాసే డాక్టర్ ఫోన్ ఎత్తుతలేదు."

ఆమె నవ్వలేక, ఏడవలేక బయటికొచ్చింది. వరండా చూరు నుంచి వాన ధారలు కడుతోంది.

"ఎత్తితే ఏం మాట్లాడాలె? జాగ్రత్త అనాలె. గా మాట అంటుంటెనే ఏడుపొస్తది."

"నౌకరి ఇడిచిపెట్టుమంటవా?"

"నీకు ఇష్టమేనా గా పని?"

ఎల్లేశ్ అబద్ధం చెప్పలేకపోయాడు. "ఇష్టమే ఉమా. గంత చీకట్ల నేనేసిన లైటు కింద అందరు పనిచేసుకుంటరు."

ఆమె చూరు ధార కింద చెయ్యి పెట్టింది. "నిన్ను ఇడిసిపెడితే భయం పోతదనుకున్న. ఎండాకాలమంత చూసిన. పోలే. దూరమున్నా భయమే. గట్లయితే దగ్గరుండే భయపడుత."

"అంటే?"

"అంటే వచ్చి మా నాయినతోని మాట్లాడు!"

ఆమె తండ్రి బాలనర్సయ్య అంతా విన్నాడు. కోప్పడలేదు. "పోరడు మంచోడే. కని బాయిల దిగెటోనికి పిల్లనియ్య," అని లేచి వెళ్ళిపోయాడు. ఉమారాణి తండ్రి వెనకే వెళ్ళింది. "నాయినా, ఒక్కసారి బాయికాడికి పోయి చూడు. చూసినంక గూడ వద్దంటే మళ్ళ అడుగ."

వానలు ముదిరాయి. ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎల్లేశ్ ఆశ వదులుకున్నాడు.

ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి పైకి వచ్చేసరికి, గేటు పక్కన గొడుగు పట్టుకొని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బొగ్గు పట్టిన మొహాలన్నిటినీ ఒక్కొక్కటిగా పరికిస్తున్నాడు. ఎల్లేశ్ పరుగున వెళ్ళాడు.

"బాపూ! మీరెప్పుడొచ్చిండ్రు?"

బాలనర్సయ్య గొడుగు దించాడు. అతని భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు, నిజంగా మనిషేనా అని చూసుకుంటున్నట్టు.

"మా తమ్ముడు మొండయ్య కోసం నేను గిట్లనే నిలవడ్డరా. వచ్చినోళ్ళ మొఖాలన్ని చూసిన. వాడు రాలే. మళ్ళ గీ గేటు మొఖం చూడొద్దనుకున్న." ఎల్లేశ్ నుదుటి మీది మసిని బొటనవేలితో తుడిచాడు. "నువ్వొచ్చినవ్."

తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కాడు.

"ఉమా... పైకొచ్చిండు బిడ్డా. మంచిగున్నడు. లగ్గం ఎప్పుడు పెట్టుకుందమో మీ అవ్వను అడుగు."

 బాలనర్సయ్య కాసేపు విని, కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ ఎల్లేశ్ మసి చేతుల్లో పెట్టాడు.

"ఇగో, నువ్వే మాట్లాడు. ఏడుస్తున్నది."