ఆరిందా, అబ్బూ?

పినపాక ఊర్ల ఎవరింటికి రంగులెయ్యాలన్నా పెయింటర్ అతీక్ ఒక్కటే మాట చెప్పేటోడు. "మెరుపులేని మ్యాట్ రంగు వేయించుకోండి. గోడ లోపాలన్నీ కడుపుల దాచుకుంటది. మెరిసే పెయింట్ ఉంది చూడండి, అది చాడీకోరు. అన్నీ బయటపెడతది."

అట్లాంటోడు తన ఇంటికే మెరిసే పెయింట్ డబ్బా తెచ్చిండంటే, అది భార్య ఫిర్దోస్ పట్టు.

"ఆ గోడ బాగలేదు ఫిర్దోస్. ప్రతి బుడిపె కనపడతది."

"కనపడాలనే."

ఇంక వాదించే నోరు అతనికి లేదు. రెండేండ్ల కింద వాళ్ల ఏడేండ్ల బిడ్డ ఫరహా జరమొచ్చి మూడొద్దుల్ల పోయింది. గోడ నిండా దాని చేతుల మరకలే మిగిలినయ్. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు చుట్టాలొస్తరని, పనోడి అలవాటు కొద్దీ అతీక్ గోడంతా గీకి, లప్పం పెట్టి, మ్యాట్ కొట్టిండు. ఎంత వెర్రోడో చూడండి! ఒక్క మరక మిగల్లే. బిడ్డ పోయిన్నాడు రాయిలెక్క కూచున్న ఫిర్దోస్, ఆ తెల్లగోడ చూసి గుండెలు బాదుకున్నది.

ఫరహా ఉన్నప్పుడు ఇంట్ల రంగేస్తే అతీక్ దానికి పెట్టేది ఒకటే ఆంక్ష. "ఆరిందని నేను చెప్పేదాకా ఆ మూల నుంచి కదలొద్దు." అది చెప్పిన మాట వినే పిల్ల. మోకాళ్ల మీద గడ్డం పెట్టుకొని కూచొని, గడియకోసారి అడిగేది. "ఆరిందా, అబ్బూ?"

ముసురు పట్టిన ఆ సాయంత్రం అతీక్ ఆ మెరిసే రంగేయడం అయిపోవస్తుంటే కరెంటు పోయింది. అడవి దిక్కు నుంచి తడిసిన ఆకుల వాసన వస్తున్నది. ఫిర్దోస్ టార్చిలైటు తెచ్చి గోడ పక్కన కింద పెట్టింది. వెలుగు ఏటవాలుగా పారింది.

నడుమెత్తున ఒక బుడిపె.

లప్పం ఉబ్బిందేమో అనుకున్నడు. దాని పక్కన ఇంకోటి లేచింది. ఇంకోటి... ఐదు. ఐదు వేళ్లు.

తడి రంగు మీద చెయ్యి ఆనిస్తే గుంట పడాలె. ఇది బయటికి ఉబ్బింది... లోపల్నుంచి ఎవరో నెట్టినట్టు.

ఫిర్దోస్ తన అరచెయ్యి దానికి ఎదురుగా పెట్టి కొలిచింది. కండ్లల్ల నీళ్లు, పెదవుల మీద నవ్వు.

"చెయ్యి పెద్దగైంది..." అని గుసగుసలాడింది.

గోడల నుంచి సన్నగా వినపడ్డది.

"ఆరిందా... అబ్బూ?"

అతీక్ చేతిల బ్రష్ జారిపడ్డది.

"చెప్పు," అన్నది ఫిర్దోస్. "ఆరిందని చెప్పు. నీ కాళ్లు మొక్కుత..."

కన్నబిడ్డే. రెండేండ్లు దానికోసమే ఏడ్చిండు. అయినా ఒకడుగు వెనక్కేసిండు. ఆ వేళ్లు ఇంకింత ముందుకొచ్చినయ్... రంగు సాగింది...

"ఆరలే, బేటా," అన్నడు. "ఇంకా ఆరలే."

వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి పోయినయ్. గోడ నున్నగా అయింది.

నాలుగు నెలలైంది. ముసురు పోయింది, ఎండ కాస్తున్నది. ఫిర్దోస్ అతనితోని మాట్లాడతలేదు. రోజూ దీపాలు పెట్టే యాళ్లకు అతీక్ గోడకు ముఖం ఆనించి బతిమాలుతడు. "ఆరింది బేటా, రా. అబ్బూ అబద్ధం చెప్పిండు... రా."

లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. గోడ నుంచి ముఖం తీసేసరికి మాత్రం అతని పెదవులకు తడి రంగు అంటుకొని ఉంటది.