సైకాల్ పేజీలో ఏడో పేరు

ఎల్దియార్ చూపించిన మొదటి డిజైన్‌ను సైకాల్ శ్రద్ధగానే చూసింది. చూసి, ఇది కోముజ్‌లు చేసే మనిషి వెబ్‌సైటా, పెళ్లి హాలు ప్రకటనా అని అడిగింది.

కరకోల్ ఊళ్లో వెబ్‌సైట్లు కట్టడంలో తనంతవాడు లేడని అతని నమ్మకం. బొమ్మలు ఎగరకపోతే ఎవరు చూస్తారని వాదించాడు. మూడు తీగల వాద్యం చెక్కి బతికేదాన్ని, నా సైటూ తక్కువే మాట్లాడాలి అని ఆమె తెగేసి చెప్పింది. పైగా ఇంకో మెలిక పెట్టింది. వేసవంతా గొర్రెలతో కొండమీదుండే వాళ్ల నాన్న ఓమురాలీ ఫోన్లో, సిగ్నల్ ఒక్క గీతే ఉన్నా అది తెరుచుకోవాలట.

చేసేదేముంది? ఎగిరేవన్నీ పీకేశాడు. ఇద్దరూ కాగితం మీద పెన్సిల్‌తో గళ్లు గీసుకున్నారు. ఇక్కడ పేరు, ఇక్కడ ఫొటోలు, ఇక్కడ నొక్కితే పాట. రంగు కోసం ఆమె కోముజ్ చేసే ఆప్రికాట్ చెక్క ముక్క తెచ్చి తెర పక్కన పెట్టింది. ఫొటోలన్నీ తేలికయ్యేలా అతను కుదించాడు. వారం పని మూడు వారాలు పట్టినా ఇద్దరిలో ఎవరికీ తొందర లేదు. వానొస్తే గొడుగు తేలేదంటూ ఆమె ఇంకాసేపు కూర్చునేది. సంచిలోంచి గొడుగు పిడి కనిపిస్తూనే ఉండేది.

చివరికి ‘నా గురించి’ పేజీ మిగిలింది. మా వైపు ఆచారం ప్రకారం సైకాల్ నాన్నతో మొదలుపెట్టి తన ఏడు తరాల తాతల పేర్లు వరసగా రాసిచ్చింది. ఓమురాలీ నుంచి టైప్ చేస్తూ వచ్చిన ఎల్దియార్ ఏడో పేరు దగ్గర ఆగిపోయాడు. కాచిబెక్. వాళ్ల వంశంలోనూ ఆ పేరుంది. మరునాడు పెదనాన్నను అడిగితే ఆ ఇద్దరు కాచిబెక్‌లూ ఒకడేనని తేలింది. ఇద్దరిలో ఎవరి లెక్కలోనైనా ఏడో తరం దాకా తాత ఒకడైతే మా వైపు పెళ్లి మాటే లేదు. ఆ రోజు నుంచి అతనికి తిండి సహించలేదు.

పది రోజులు ఏవో సాకులు చెప్పాడు. పదకొండో రోజు సైకాల్ నేరుగా వచ్చేసింది.

“ఏడు పేర్లు కొట్టడానికి పది రోజులా?”

“కాచిబెక్ మా తాత కూడా. నాకు ఎనిమిదోవాడు, నీకు ఏడోవాడు. నువ్వు నాకు మేనత్త వరస.”

“సైటు కట్టడానికి వరసలెందుకు?”

ఎల్దియార్ చెవులు ఎర్రబడ్డాయి. “నిన్ను పెళ్లి చేసుకోవాలనుకున్నాను. అందుకే లెక్కపెట్టాను.”

సైకాల్ వేళ్లమీద ఒకసారి లెక్కపెట్టింది, మళ్లీ పెట్టింది. అప్పుడు ఆమె కళ్లు చెమర్చాయి.

“లెక్క తప్పింది. నన్ను కన్నది నాన్న కాదు. తలంత్ అన్నయ్య.”

తొలి బిడ్డను తాతా నాయనమ్మల చేతిలో పెట్టడం మా వైపు మామూలే. పెంచినవాళ్లు అమ్మానాన్నలవుతారు, కన్నవాళ్లు అన్నావదినలవుతారు. సైకాల్ చిన్నప్పటి నుంచీ ఓమురాలీతోనే లెక్క మొదలుపెట్టేది. తలంత్ పేరు కలిస్తే కాచిబెక్ ఇద్దరికీ ఎనిమిదోవాడవుతాడు, అడ్డు తొలగిపోతుంది.

కానీ పెంచిన చేతులను వెనక్కి జరిపి, లోకమంతా చూసేచోట వేరే పేరు పెట్టడమా? ఆయన మనసు కష్టపెట్టుకుంటే ఈ పెళ్లే వద్దంది సైకాల్. అక్కడే ఫోన్ చేసింది.

గాలి హోరులో ఓమురాలీ అంతా విన్నాడు.

“రాయి తల్లీ,” అన్నాడు. “తలంత్ నోరు తెరిచి అడగడు గానీ, నీ పక్కన తన పేరు చూసుకోవాలని వాడికి మాత్రం ఉండదా? నేనేం తగ్గిపోను. సరే గానీ, ఈ లెక్క ఎవరికి కావాల్సొచ్చింది?”

సైకాల్ ఎల్దియార్ వైపు చూసింది. “సైటు కట్టిన అబ్బాయికి, నాన్నా.”

“అయితే వెంటబెట్టుకురా. విందుకి మంచి గొర్రెను చూసి ఉంచుతాను.”

సైకాల్ కీబోర్డు తనవైపు లాక్కుని, అన్నిటికన్నా పైన తలంత్ పేరు తనే కొట్టింది. మిగతా పేర్లన్నీ తలా ఒక వరస కిందికి జరిగాయి. ఎల్దియార్ వాటిని పైకే లెక్కపెట్టాడు, ఎనిమిది దాకా. నమ్మకం చాలక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.