బలం మాత్ర

2003 జూలైలో ఒక సోమవారం ఉదయం, డిటెక్టివ్ వరూధిని మడివాళలోని తన ఆఫీసుకి వచ్చేసరికి మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పేరు తిరుపాలు. కదిరి నుంచి వలస వచ్చిన తాపీమేస్త్రీ.

"నా పెండ్లాం ఓబులమ్మ మొన్న రక్తం కక్కుకొని సచ్చిపాయ మేడమ్. నేనే ఇసం పెట్నానని మా బామ్మర్ది మహేశు కంప్లైంట్ ఇచ్చినాడు."

అసిస్టెంట్ జెస్సీ నీళ్లిచ్చింది.

"ఆమెకి జబ్బేమైనా ఉండిందా?" అంది వరూధిని.

"గార్మెంట్స్‌లో కుట్టుపని కదా, మెడనొప్పి. ఎండాకాలంలో డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చె. ఐదు దినాలు మింగె, అంతే."

బొమ్మనహళ్ళిలోని వాళ్ల గదిలో ఆ చీటీ దొరికింది. డాక్టర్ హేమలత రాసింది: వాపు, నొప్పి తగ్గే మాత్రలు, ఐదు రోజులకే. కడుపులో పాతపుండు ఉంది. మళ్లీ చూపించుకోకుండా వాడకూడదు. ఓబులమ్మ అన్నం సంచిలో మరొకటి దొరికింది. కాగితం పొట్లంలో ఒకే తెల్లమాత్ర, పేరు గానీ అట్ట గానీ లేకుండా.

"అదా? బలం మాత్ర మేడమ్. శనివారం తెచ్చుకుంటా ఉండె, ఆదివారానికని. ఎవురిచ్చినారో చెప్పలే," అన్నాడు తిరుపాలు.

వరూధిని ఆ మాత్రను పరీక్షకు పంపి, చీటీ మీద ముద్ర ఉన్న మందుల షాపుకి వెళ్లింది.

షాపు యజమాని ఆదినారాయణప్ప చిరాకుపడ్డాడు. "మళ్లీ వచ్చిందమ్మా, అవే మాత్రలు కావాలని. కొత్త చీటీ లేకుంటే ఇయ్యను, డాక్టర్ దగ్గరికి పో అంటి. ఒకపూట లీవు పెడితే జీతం కోస్తారని ఏడ్చుకుంటా పాయ."

గార్మెంట్స్ యూనిట్‌లో సూపర్‌వైజర్ సుశీల కుట్టుమిషన్ల మధ్య నిలబడే మాట్లాడింది.

"ఓబులమ్మ ఏ మందులు వాడేదో తెలుసా?"

"నాకేం తెలుసు మేడమ్? అయినా ఆ తెల్లమాత్రలకి ఎవరన్నా సచ్చిపోతారా?"

వరూధిని తల పంకించి బయటికొచ్చింది. ఆమె ఇంకేమీ అడగలేదంటే దారి దొరికినట్టేనని జెస్సీకి తెలుసు.

బుధవారం భోజనాల వేళకి యూనిట్ షెడ్డులో అందరూ చేరారు. ఎస్సై, డాక్టర్ హేమలత, ఆదినారాయణప్ప, సుశీల, తిరుపాలు, మహేశ్. టిఫిన్ డబ్బాలు మూసి కూలీ ఆడవాళ్లు వింటున్నారు.

"పోస్ట్‌మార్టంలో విషం లేదు. కడుపులో పాతపుండు చిల్లు పడి రక్తం పోయింది," అంది వరూధిని. "ఈ మాత్ర బలానికి కాదని పరీక్షలో తేలింది. డాక్టరుగారు ఐదు రోజులకే రాసిన నొప్పి మాత్ర, రోజూ మింగితే పుండుని రేపేది. షాపులో ఇవ్వలేదు. సెలవు రోజుకి మాత్రమే ఇంటికి తెచ్చుకునేదంటే, మిగతా ఆరు రోజులూ పనిచేసే చోటే మింగేది. సుశీలా, మాత్ర తెల్లదని నేను నీకు చెప్పలేదే?"

సుశీల మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టింది.

"సరుకు పంపే షిప్‌మెంట్ టైము మేడమ్. నొప్పులని ఆడోళ్లు లీవు పెడతా ఉంటే పైనోళ్లు నన్ను తిడతా ఉండ్రి. తెలిసినోడు చీటీ లేకుండా డబ్బా తెచ్చిచ్చినాడు. నొప్పి మాత్రంటే భయపడతారని బలానికి అని చెప్తి. నేనూ మింగుతా ఉండా. పుండు సంగతి నాకు తెలీదు."

"తెలుసుకోవడానికే డాక్టరు అడిగి, చూసి రాసేది," అంది హేమలత కటువుగా.

ఒకామె లేచి, బొడ్లోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఇంకొకామె. చూస్తుండగా పద్నాలుగు పొట్లాలయ్యాయి. ఎస్సై సుశీలను, మాత్రల డబ్బానూ జీపెక్కించాడు. మహేశ్ గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు.

తిరుపాలు మాత్రం కదల్లేదు.

"మేడమ్, అది బలానికేనని ఆమె నిజంగా నమ్మిందా?"

"నమ్మిందప్పా."

"ఇటికెలు మోసి అలిసిపోతావని, ఆదివారమైతే సగం తుంచి నా నోట్లో ఏస్తా ఉండె మేడమ్."